తీసివేతలు మాత్రమే నేర్చిన డైట్ చార్టుకు

మహారాజశ్రీ డైట్ చార్టు గారి దివ్యసముఖమునకు, నీరసముతో నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, కుశలం తమరి ఒక్కరిదే అయినట్టుంది. ఈ మధ్యాహ్నమంతా ఆసుపత్రి కుర్చీకి అప్పగించాక నా వంతు వచ్చింది. షుగర్ అదుపులోనే ఉందండీ, అదుపు తప్పింది నేనే, మెట్లెక్కితే తొడలు వణుకుతున్నాయి అని మొరపెట్టుకున్నాను. జవాబుగా సొరుగులోంచి మళ్లీ తమరే వేంచేశారు. అదే జిరాక్సు. కాకపోతే ఈసారి కింది రెండు వరుసలూ చెరిగిపోయాయి. పనికొచ్చే ముక్క ఏదైనా ఉండి ఉంటే అక్కడే ఉండేదని నా అనుమానం.

తమరిలో 'తినకూడనివి' గడి పుటలో ముప్పాతిక భాగం ఆక్రమించింది. 'తినదగినవి' గడిలో ఆకుకూరలు, కీరా, పల్చటి సూపు. మంచివే, కాదనను. కానీ వాటితో పొట్ట నిండుతుందే తప్ప ఒంటికి పట్టేదేముంది? పప్పులు, గుడ్లు, చేపలు, గింజలు అన్నిటినీ ఒకే మూలకి తోసి పక్కన 'మితంగా' అని రాశారు. మితమంటే ఎంత? గుప్పెడా, గరిటెడా, కంటితో చూసి తృప్తిపడేంతా? పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి కనీసం 0.8 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ముసలితనంలో ఇంకాస్త ఎక్కువే కావాలంటారు. కిడ్నీ జబ్బుంటే లెక్క వేరు. తమరికి మాత్రం కుర్రవాడైనా, ముసలివాడైనా, కిడ్నీలు దెబ్బతిన్నవాడైనా ఒకటే కాగితం.

చూసినవాళ్లంతా "చిక్కావు, షుగర్ భలే కంట్రోల్ చేశావు" అని మెచ్చుకుంటున్నారు. చిక్కింది పొట్టా, తొడలా అని అడిగినవాళ్లు లేరు.

అసలు నా కడుపుమంట అక్కడే. తిన్నాక రక్తంలోకి వచ్చిన గ్లూకోజులో పెద్ద వాటా అందుకోవలసింది కండరాలు. కదులుతున్న కండరమైతే ఇన్సులిన్ పిలుపు కోసం కూడా ఆగదు, తనే లాక్కుంటుంది. అంత పనిచేసే కండని తిండి పెట్టకుండా కరగబెట్టి, తూకం తగ్గిందని చంకలు గుద్దుకుంటావా? సరుకు దింపుకోవలసిన గోదామునే పడగొట్టి, లారీలు తగ్గాయి చూశావా అన్నట్టుంది నీ సంబరం. రేపు మామూలుగా తినడం మొదలుపెడితే ఆ గ్లూకోజంతా ఎక్కడికి పోవాలయ్యా? నీ నెత్తికా?

ఇక వ్యాయామం సంగతి. 'వ్యాయామము చేయవలెను' అట. ఆజ్ఞ! ఏం వ్యాయామం, ఎంతసేపు? వారానికి 150 నిమిషాల చురుకైన నడక, దానికితోడు రెండు మూడు రోజులు బరువులతోనో, రబ్బరు బ్యాండ్లతోనో కండకి పని అని రాస్తే సిరా అయిపోయేదా? తిన్న వెంటనే కాసేపు నడిస్తే ఆ పూట షుగర్ అంత ఎగబాకదు. కూరగాయలు, ప్రొటీన్ ముందు తిని పిండిపదార్థం చివర్లో తింటే కూడా అంతే. వీటిలో దేనికీ 'వద్దు' అనక్కర్లేదు, బహుశా అందుకే నీకు నచ్చి ఉండవు.

పండ్లకి అడ్డగీత, షుగర్‌ఫ్రీ బిస్కెట్లకి టిక్కు. ఆ బిస్కెట్టు పిండితో చేసిందే కదా, ఆ పిండి పేగుల్లోకి వెళ్లి గ్లూకోజే కదా అయ్యేది? పీచున్న పండు ఏం పాపం చేసింది?

చెరగకుండా మిగిలినవాటిలో అన్నిటికన్నా కింద, పెద్ద అక్షరాల్లో, 'చక్కెర జన్మలో ముట్టరాదు'. ఇన్సులిన్ వేసుకునే మనిషో, షుగర్‌ని మరీ పడగొట్టే రకం మాత్రలు వాడే మనిషో నీ మాట విని ఒక పూట తిండి మానేశాడనుకో. రీడింగ్ 70 కిందికి జారి, చెమటలు కారుతూ, చేతులు వణుకుతూ కూర్చుంటాడు. అప్పుడు అతన్ని నిలబెట్టేది ఆ చక్కెరే. 15 గ్రాములు తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. ప్రాణానికి సంబంధించిన ఆ ఒక్క వాక్యానికి నీలో చోటు లేదు. నవ్వుతున్న యాపిల్ బొమ్మకి మాత్రం ఉంది! అదీ నువ్వే నిషేధించిన పండు.

చించేద్దామనుకున్నాను గానీ తమరి వెనకవైపు పుట ఖాళీగా, తెల్లగా, చాలా బాగుంది. ఇంతవరకూ తమరిలో నాకు అక్కరకొచ్చిన భాగం అదొక్కటే. నా 48 గ్రాములు ఏ పూట దేన్నుంచి వస్తాయో అక్కడ కూడుకుంటున్నాను, నడకలూ బరువులూ కూడా రాసుకుంటున్నాను. వచ్చేసారి వాళ్ల బల్ల మీద తమరిని బోర్లా పెడతాను. ఆ వైపే జిరాక్సు తీసుకోమంటాను.

ఇట్లు,
ఇంకా నమలగలిగిన ఒక షుగర్ పేషెంటు