సవరణ: డుపిలుమాబ్ ఇన్‌హేలర్‌కు బదులు కాదు

సీఓపీడీకి (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) వచ్చిన డుపిలుమాబ్ ఇంజెక్షన్ గురించి మొన్నటి పోస్టులో "ఇక ఇన్‌హేలర్లతో పని లేదు" అని రాశాను. అది తప్పు, వార్తల హెడ్డింగు చూసి రాసేశాను. 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన అనుమతి ప్రకారం ఇది వాడుతున్న ఇన్‌హేలర్లకు తోడుగా ఇచ్చే మందు మాత్రమే.

అదీ అందరికీ కాదు. ఇన్‌హేలర్లు వాడుతున్నా జబ్బు అదుపులోకి రాక, రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లకే. మన రక్తపరీక్ష రిపోర్టులో ఏఈసీ అని ఉంటుందే, ఆ అంకె. ట్రయల్స్‌లో కనీసం 300 ఉన్నవాళ్లనే తీసుకున్నారు. ఏడాదిపాటు సాగిన రెండు ట్రయల్స్‌లోనూ జబ్బు ఒక్కసారిగా ముదరడం 30, 34 శాతం తగ్గింది. తగ్గింది, ఆగిపోలేదు.

ఇది ఇంటర్‌ల్యూకిన్-4, 13 అనే వాపు సంకేతాలను అడ్డుకుంటుంది. రెండు వారాలకోసారి చర్మం కింద వేస్తారు. ఆయాసం ఎగదన్నుతున్నప్పుడు అప్పటికప్పుడు ఉపశమనం ఇచ్చే మందు కాదు.

"నాన్నగారి పఫ్ మానిపించొచ్చా" అని అడిగినవాళ్లకు: వద్దు. ముందు ఏఈసీ రిపోర్టు తీసుకుని పల్మనాలజిస్టుతో మాట్లాడండి.