కంప్యూటర్ పక్కన కూర్చుంటే వయొలిన్ విద్య పోతుందా?

నాలుగు రోజులుగా సంగీతం గ్రూపుల్లో ఒకే మెసేజ్ తిరుగుతోంది. "వయొలిన్, చెల్లో లాంటి శాస్త్రీయ వాద్యాలు నేర్చుకుని కంప్యూటర్ సంగీతంలోకి వెళ్లేవాళ్లు కచేరీల్లో నెగ్గలేనివాళ్లు. అక్కడ వాయించేది యంత్రమే, మనిషి మీట నొక్కుతాడంతే. అదంతా ఇంజనీర్ల ప్రయోగం. అందులో బతుకుతెరువు లేదు. యంత్రాలు పాతబడగానే ఆ సంగీతమూ మూలన పడుతుంది." క్లుప్తంగా ఇదీ దాని సారం.

నేను చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఈ మెసేజ్ పంపినవాళ్లలో నేను గౌరవించే పెద్దలూ ఉన్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను. జపాన్‌లో పుట్టి, అమెరికాలో పేరు తెచ్చుకున్న వయొలిన్ విద్వాంసురాలు మారి కిమురానే ఎక్కువగా ఉదాహరణగా తీసుకుంటాను.

మొదటి మాట: కచేరీల్లో నెగ్గలేనివాళ్లే అటు వెళ్తారని. కిమురా వయొలిన్ నేర్చుకున్నది జోసెఫ్ ఫుక్స్, రోమన్ టోటెన్‌బర్గ్ లాంటి గురువుల దగ్గర. న్యూయార్క్‌లోని పేరున్న సంగీత కళాశాల జూలియార్డ్‌లో వాద్య విభాగంలోనే డాక్టరేట్ చేశారు. కానీ డిగ్రీల కంటే పెద్ద సాక్ష్యం ఇంకొకటి ఉంది.

పాశ్చాత్య వయొలిన్‌లో అన్నిటికంటే కింది తీగ జి. దాన్ని వేలితో నొక్కకుండా వాయిస్తే సెకనుకు 196 కంపనాలు. అంతకంటే కిందికి దిగాలంటే తీగ వదులు చెయ్యాల్సిందే, మనకు తెలిసిన దారి అదొక్కటే. కిమురా తీగను వదులు చెయ్యకుండానే, కమానుతోనే ఒక స్థాయి కిందికి, 98 కంపనాల దగ్గరికి దిగారు. 1994లో న్యూయార్క్ కచేరీలో ఇది వినిపించారు. వీటిని సబ్‌హార్మోనిక్స్ అంటారు.

ఇది ఎలా పలుకుతుందో తెలుసుకుంటే ఆ చేతి మీద గౌరవం పెరుగుతుంది. మామూలుగా కమాను తీగను పట్టుకుని లాగుతుంది. తీగలో పుట్టిన వంపు ఆ చివరి దాకా పోయి తిరిగి వచ్చేసరికి పట్టు జారుతుంది. ఒక రాకపోకకు ఒక జారుడు. ఒత్తిడి సరిగ్గా ఒక మేరకు పెంచి, కమాను వేగాన్ని అదుపులో పెడితే, ఆ వంపు ఒకసారి తిరిగి వచ్చినా పట్టు జారదు, రెండోసారికి గానీ వదలదు. కంపనాలు సగానికి తగ్గుతాయి. ఒత్తిడి కాస్త ఎక్కువైతే గరగర, కాస్త తగ్గితే మామూలు జి. ఆ సన్నటి సందులో నిలబెట్టి స్వరాన్ని శృతిలో పలికించాలి. నేనూ ప్రయత్నించాను, గరగర దాటి ముందుకు పోలేదు. మొదటిసారి విన్నవాళ్లు కంప్యూటర్ పనే అనుకుంటారు. అందులో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేదు.

రెండో మాట: యంత్రమే వాయిస్తుందని. ఇక్కడ రెండు వేర్వేరు పద్ధతులు కలిసిపోయాయి. ముందే రికార్డు చేసిన ఎలక్ట్రానిక్ ధ్వనుల టేపుతో కలిసి వాయించేది పాత పద్ధతి. కిమురాకు స్వరరచన నేర్పిన మారియో డేవిడోవ్‌స్కీ ఇందులో ఘనుడు. వాద్యానికీ టేపుకీ కలిపి ఆయన రాసిన రచనల వరుసలో ఒకదానికి 1971లో పులిట్జర్ బహుమతి వచ్చింది. టేపు ఎవరికోసమూ ఆగదు. దాని కాలప్రమాణానికి మనిషే లొంగాలి, తప్పితే కచేరీ పోయినట్టే. అదేమీ తేలిక పని కాదు.

తర్వాతి పద్ధతిలో కంప్యూటరే వాద్యాన్ని వింటుంది. కిమురా పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన కేంద్రంలోని పరిశోధకులతో కలిసి, కమాను పట్టిన చేతి కదలికను పసిగట్టే సెన్సర్‌తో పనిచేశారు. మణికట్టు ఎంత తిరిగింది, కమాను ఎంత విసురుగా వచ్చింది అన్నదాన్ని బట్టి ధ్వని మారుతుంది. అంతకు ముందే 1991లో అమెరికా స్వరకర్త టాడ్ మాకోవర్ బృందం ప్రసిద్ధ చెల్లో విద్వాంసుడు యో-యో మా కోసం కంప్యూటర్‌తో కలిపిన చెల్లో, హైపర్‌చెల్లో తయారుచేసింది. మాకోవర్ కూడా చెల్లో నేర్చుకున్నవాడే. ఆ హైపర్‌చెల్లో కమాను కదలికను, మణికట్టు కోణాన్ని, తీగల మీద వేళ్ల చోటును కొలిచేది. ఇలాంటి ఏర్పాటులో చెయ్యి వణికితే ఆ వణుకు కూడా లెక్కలోకి వెళ్తుంది. మంచి మృదంగ విద్వాంసుడు పక్కన కూర్చున్నప్పుడు మనం ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని వాయిస్తామో, ఇక్కడా అంతే. టెన్షన్ పెరుగుతుందే గానీ తగ్గదు.

మూడోది, ఇంజనీర్ల ప్రయోగం అన్నది. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో కంప్యూటర్‌తో సంగీతం పలికించే ప్రోగ్రామ్ రాసిన మాక్స్ మాథ్యూస్ ఇంజనీరే, నిజం. ఆయన వయొలిన్ కూడా వాయించేవాడు, తర్వాత ఎలక్ట్రానిక్ వయొలిన్లు తయారుచేశాడు. స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ సంగీత కేంద్రాన్ని ఏళ్ల తరబడి నడిపిన క్రిస్ చేఫ్ చెల్లో కళాకారుడు.

బతుకుతెరువు సంగతి. కిమురా 1998 నుంచి జూలియార్డ్‌లో ఈ విద్యే బోధించారు. 2010లో కళాకారులకూ పండితులకూ ఇచ్చే గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖలో ప్రొఫెసర్ అయ్యారు. అందరికీ ఇలా కుదరదు, ఒప్పుకుంటాను. కచేరీ వయొలిన్ నమ్ముకున్న అందరికీ మాత్రం కుదిరిందా?

చివరి మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. 1990 ప్రాంతంలో ఇర్కామ్ 'నెక్స్ట్' అనే కంపెనీ కంప్యూటర్ల మీద పెద్ద సంగీత వ్యవస్థ కట్టింది. ఆ కంప్యూటర్ల తయారీయే ఆగిపోయింది. వాటి కోసం చేసిన రచనల్ని కొత్త యంత్రాలకు మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. ఇది నిజమైన భారం, అలా పోగొట్టుకున్న రచనలూ ఉంటాయి. కానీ ఫ్రెంచ్ స్వరకర్త పియర్ బూలెజ్ వయొలిన్‌కీ ఎలక్ట్రానిక్స్‌కీ కలిపి రాసిన 'ఆంథెమ్ 2' చూడండి. 1997లో జర్మనీలోని డోనాయెషింగెన్‌లో వయొలిన్ కళాకారిణి హే-సున్ కాంగ్ దాన్ని మొదటిసారి వాయించారు. అప్పటి నుంచి కంప్యూటర్లు ఎన్నో తరాలు మారాయి. వయొలిన్ భాగం కాగితం మీద స్వరాలుగానే ఉంది, దాన్ని సాధన చేసి వేదిక ఎక్కే కొత్త కళాకారులు ఇప్పటికీ వస్తున్నారు.