మహారాజశ్రీ దురద సూది గారికి

మహారాజశ్రీ దురద సూది గారి దివ్య సముఖానికి, నెల్లూరు నుంచి ముసలి కుక్కల తరఫున నమస్కరించి రాయు విన్నపములు.

ఉభయ కుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. తమరు కుశలమే. వారాల తరబడి ఒంట్లో నిలిచే స్టెరాయిడ్ మందు కదా, చిన్న వయల్ సీసాలో అడుగున పేరుకుని, ఊపగానే తెల్లగా కలిసిపోయి, సిరంజిలోకి ఎక్కడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. కుశలం లేనిది మాకే.

నిన్న మధ్యాహ్నం తమ దర్బారులో ఇంకో ముసలి లాబ్రడార్‌కి న్యాయం జరిగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆటో, వరండాలో పడిగాపులు, లోపల జరిగిందల్లా ఇంతే. "ఏంది, దురదా?" "అవున్సార్, బొచ్చు గూడా రాలతా ఉంది." "ఎన్నేళ్లు?" "పదకొండు." "ముసల్దయింది గదా, మామూలే." ఆ వెంటనే తమరు. కుక్కని బల్ల ఎక్కించలేదు, చెవి తిప్పి చూడలేదు. చీటీ మీద తమ పేరైనా లేదు. "స్కిన్ ఇంజెక్షన్" అని రాసి కింద గీత కొట్టారు.

తమ హస్తవాసి గొప్పదే, కాదనం. రెండో రోజుకల్లా గోకుడు ఆగుతుంది, ఇంటాయన మురిసిపోతాడు, డాక్టరు గారికి పేరొస్తుంది. మూడు నాలుగు వారాలకి మళ్లీ మొదలు, మళ్లీ ఆటో, మళ్లీ తమరు. ఈ మధ్యలో దురద ఎందుకొచ్చిందో కనుక్కున్నవాళ్లు లేరు.

ముసల్దయితే దురద మామూలా అండీ? దుమ్ముకీ పుప్పొడికీ వచ్చే అలర్జీ దురద చాలా కుక్కల్లో ఆరు నెలలకీ మూడేళ్లకీ మధ్య మొదలవుతుంది. ఎనిమిదేళ్లు, పదేళ్లు ఏ బాధా లేకుండా తిరిగిన కుక్క కొత్తగా గోక్కుంటుంటే "అలర్జీలే" అన్న మాట ఆఖర్న రావాలి. ముందు పురుగులు, బ్యాక్టీరియా, ఫంగస్. తర్వాత హార్మోన్లు. ఆ తర్వాత క్యాన్సర్. తమరేమో అన్నిటికీ ఒకే జవాబు.

అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది: దురద ముందా, బొచ్చు రాలడం ముందా? గోకి గోకి బొచ్చు ఊడిందా, ఊరికే రాలిపోయి తర్వాత పుండు పడి దురద మొదలైందా? ఇంట్లోవాళ్లకి గుర్తులేకపోతే నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద పెడితే అవే చెబుతాయి. కొనలు విరిగి చీలి ఉంటే కుక్క కొరుక్కుంటోంది, ఎవరూ చూడనప్పుడైనా సరే. కొనలు సన్నగా చెక్కుచెదరకుండా ఉంటే వాటంతట అవే రాలుతున్నాయి, అప్పుడు చూపు హార్మోన్ల వైపు తిప్పాలి. ఎక్కడ గోక్కుంటోందో కూడా చూడాలి. తోక మొదట్లో, నడుము మీద అయితే ఫ్లీ పురుగులు. దువ్వెనతో దువ్వి రాలిన నల్ల పొడిని తడి దూది మీద వేస్తే ఎర్రగోధుమ రంగు దిగుతుంది. అది పురుగు తాగిన రక్తం. చెవి అంచులు, మోచేతులు అయితే గజ్జి. పాదాలు, చంకలు, చెవి లోపల అయితే ఈస్టు అనే ఫంగస్, అలర్జీ. రెండు పక్కలా సమానంగా బట్టతల పడి గోకుడు లేకపోతే హార్మోన్లు. ఇంతా చూడటానికి కుక్కని బల్ల ఎక్కిస్తే చాలు.

ఇక చర్మం గీకి చూడటం. దీనికేమైనా కోట్ల మిషన్ కావాలా? పదో నంబరు సర్జికల్ బ్లేడు, అంచు మొద్దుబారింది. లిక్విడ్ పారఫిన్ ఒక చుక్క. గాజు స్లైడు, పైన కవర్ స్లిప్. డెమోడెక్స్ పురుగు వెంట్రుక కుదురు లోపల దాక్కుంటుంది కాబట్టి ముందు చర్మాన్ని వేళ్ల మధ్య పట్టి గట్టిగా నొక్కాలి. తర్వాత వెంట్రుక పెరిగే దిశలోనే, సన్నగా రక్తపు చెమ్మ కనబడేదాకా గీకాలి. చెమ్మ రాకుండానే ఆపేసి "పురుగుల్లేవు" అంటే ఆ మాటకి విలువ లేదు. కనీసం మూడు నాలుగు చోట్ల గీకాలి. మైక్రోస్కోపులో చిన్న లెన్సు చాలు, కండెన్సరు దించి వెలుతురు తగ్గిస్తే మిల్లీమీటరులో పావు వంతు ఉన్న పొడుగాటి పురుగు, ముందు భాగంలోనే నాలుగు జతల పొట్టి కాళ్లతో కదులుతూ కనిపిస్తుంది. గజ్జి పురుగుకి పద్ధతి వేరు. అది పైపొరలోనే సొరంగాలు తవ్వుకుంటుంది, అందుకని పైపైన, వెడల్పుగా, చెవి అంచుల మీదా మోచేతుల మీదా గీకాలి. అయినా చాలాసార్లు దొరకదు. అప్పుడు చెవి అంచుని మడిచి వేళ్లతో రుద్దండి. వెనక కాలు గాల్లో గోకడం మొదలుపెడితే, ఇంట్లోవాళ్ల చేతుల మీదా పొట్ట మీదా కూడా దద్దుర్లుంటే, పురుగు కనబడకపోయినా గజ్జికి మందు వాడి చూడాల్సిందే.

ఈస్టుకైతే బ్లేడు కూడా అక్కర్లేదు. పారదర్శకంగా ఉండే సెల్లో టేపు ముక్కని చంకలోనో కాలివేళ్ల మధ్యో నాలుగైదుసార్లు అద్ది, స్లైడు మీద నీలం రంగు చుక్క వేసి అతికించి, ఆయిల్ లెన్సు కింద చూస్తే నడుము సన్నగా ఉన్న బొద్దు కణాలు బయటపడతాయి. మన కోస్తా ఉక్కలో ఒళ్లు జిడ్డుగా, పుల్లకంపు కొట్టే ముసలి కుక్కకి ఈ పని చేయకుండా పంపించడం అన్యాయం. మా నెల్లూరు పొగతోటలో మనుషులకి గుమ్మానికో ల్యాబు. కుక్క చర్మం మీంచి తీసిన నూనెచుక్క చూడటానికి మాత్రం తిరుపతి వెటర్నరీ కాలేజీకో చెన్నై వేపేరి కాలేజీకో పొమ్మంటారు. ఆ మైక్రోస్కోపు ఏ ఊళ్లో లేదండీ?

సరే, ముందే చూడలేదు, తర్వాతైనా చూద్దామంటే తమరు చూడనిస్తారా? ఎరుపు తగ్గించేస్తారు, చీముపొక్కులు అణిచేస్తారు. ఆహారం మార్చి చూస్తుంటే తగ్గింది తిండి వల్లో తమ వల్లో తెలియదు. చర్మం ముక్క కోసి బయాప్సీ పరీక్షకి పంపితే ఆ ముక్క సగం మారిపోయి ఉంటుంది. థైరాయిడ్ హార్మోను టీ4ని కిందికి లాగేసి, లేని జబ్బుని ఉన్నట్టు చూపిస్తారు. దొంగని పట్టమంటే వీధి దీపం ఆర్పేసినట్టుంది తమ వ్యవహారం. పైగా ఒక్క రోజుతో పోరు. నిలవ మందు కాబట్టి వారాల తరబడి ఒంట్లోనే మకాం.

డెమోడెక్స్ ఉన్న కుక్క జోలికి మాత్రం నువ్వు రాకూడదు. ముసలితనంలో ఆ పురుగు ఒళ్లంతా పాకిందంటేనే లోపల ఒంటి కాపుదల ఏదో దెబ్బతిందని అర్థం: ఒంట్లో కార్టిజాల్ అనే హార్మోను పొంగే కుషింగ్స్ జబ్బు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు. అలాంటి కుక్కకి, ఉన్న కాస్త కాపుదలనీ అణిచే నిన్ను పొడుస్తారు. నాలుగు రోజులు గోకుడు ఆగుతుంది, పురుగులు పిల్లల్ని పెడతాయి, నెల తిరిగేసరికి మొహం నుంచి కాళ్ల దాకా చీము. అప్పుడు "ముసల్ది, తట్టుకోలేకపోయింది" అంటారు. తట్టుకోలేనిది నిన్ను!

ఇంకో ఘనకార్యం చూడు. బొచ్చు రాలుతోందని తెస్తే, నెల నెలా పడుతూ పడుతూ నువ్వే బొచ్చు రాలగొడతావు. పొట్ట జారుతుంది, చర్మం పల్చబడి నరాలు కనిపిస్తాయి, తొడల కండ కరుగుతుంది, పొట్ట మీద నల్లటి చుక్కలు పడతాయి. కొన్నిటికి మెడ మీదా వీపు మీదా సున్నం పేరుకుని గట్టి పలకలు కడతాయి, అవి మళ్లీ దురద! అచ్చం కుషింగ్స్. ఇంట్లో కనిపెట్టే దారి ఒకటుంది: పొద్దున కొలిచి నీళ్లు పోయండి, మర్నాడు అదే వేళకి మిగిలింది కొలిచి తీసేయండి. కిలో బరువుకి 100 మి.లీ. దాటితే, అంటే 25 కిలోల కుక్క రెండున్నర లీటర్ల పైన తాగితే, అనుమానించాలి. మన ఎండలకి ఎటూ ఎక్కువ తాగుతాయి కాబట్టి మూడు రోజులు కొలవండి. ఆ తర్వాత, కార్టిజాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథిని తట్టి లేపే ఏసీటీహెచ్ హార్మోను ఇచ్చి గంటకి రక్తం తీస్తే, సొంతంగా కుషింగ్స్ వచ్చిన కుక్కలో సాధారణంగా కార్టిజాల్ ఎగబాకుతుంది. నీ పాలబడ్డ కుక్కలో కదలనే కదలదు. పైకి చూస్తే కార్టిజాల్ పొంగుతున్న ఒళ్లు, రక్తంలో చూస్తే నిద్రపోతున్న అడ్రినల్. ఆ పొంతన లేకపోవడమే నీ వేలిముద్ర.

కీళ్లనొప్పులకి మెలాక్సికామ్ తాగుతున్న ముసలి కుక్క మీద అదే వారం నువ్వు పడితే కడుపులో పుండ్లు, నల్లగా జిగురు విరేచనం. ఇంకేం మందులు వాడుతున్నారని అడిగినవాళ్లు నిన్న ఎవరూ లేరు.

నీ చుట్టాలనీ ఓ మాట అనాలి. గుండ్రటి మచ్చ, అంచున పొర లేస్తూ కనబడగానే "తామర" అని మెడికల్ షాపులో ఇచ్చే ట్యూబు: అందులో నీ జాతి క్లోబెటసోలే ఉంటుంది, కుక్క నాకి మింగుతుంది. ఆ మచ్చ చాలాసార్లు బ్యాక్టీరియా పొక్కు పగిలి మిగిలిన వలయం. పశువుల పురుగుల మందు ఐవర్మెక్టిన్ ఇంకొకటి. అది 50 కిలోలకి 1 మి.లీ. లెక్కన చేసిన మందు. ఒంగోలు గిత్తకి పనికొచ్చే వయల్లోంచే ఐదు కిలోల పొమేరియన్‌కీ లాగుతారు, దానికి లెక్క 0.1 మి.లీ.; పెద్ద సిరంజిలో అంత గీత ఎక్కడుంటుంది? కోలీ జాతి కుక్కలకైతే ప్రాణం మీదికొస్తుంది. ఫ్లూరాలానర్, అఫాక్సోలానర్ బిళ్లలు వచ్చాక డెమోడెక్స్‌కీ గజ్జికీ ఈ జూదం అవసరమే తగ్గింది. మూర్ఛలున్న కుక్కకి మాత్రం డాక్టరుకి చెప్పి వాడాలి. కాలిన ఇంజనాయిలు పూసేవాళ్లకి రాయడానికి వేరే కాగితం కావాలి. మందు షాంపూ కొనేవాళ్లు గడియారం చూసి పది నిమిషాలు ఒంటి మీద ఉంచండి. నురగ రాగానే కడిగేస్తే అది మురుక్కాలవలో పనిచేస్తుంది.

థైరాయిడ్ మాటకొస్తే, మనుషుల ల్యాబు కాగితం మీద అచ్చేసిన నార్మల్ అంకెలు కుక్కకి పనికిరావు. కుక్క టీ4 డెసిలీటరుకి సుమారు 1 నుంచి 4 మైక్రోగ్రాములుంటే సరి, మనిషిది 5కి పైన. ఆ పట్టీతో చూస్తే నెల్లూరులో కుక్కలన్నీ థైరాయిడ్ రోగులే. ఒక్క టీ4 తగ్గిందని బిళ్ల మొదలుపెట్టకుండా ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ అనే మిగతా థైరాయిడ్ పరీక్షలు కూడా చూడాలి, అదీ నువ్వు ఒంట్లోంచి పోయాక.

తిండి పరీక్ష ఇంకో తమాషా. "చేప పెట్టి చూడండి" అని సలహా. మైపాడు నుంచి వచ్చిన తలకాయలన్నీ తిని పెరిగిన కుక్కకి చేప కొత్తా? జన్మలో తినని మాంసమో, ప్రోటీన్‌ని ముక్కలు చేసిన హైడ్రొలైజ్డ్ దాణానో పెట్టాలి. ఎనిమిది వారాలు, మధ్యలో పెరుగన్నం ముద్ద లేదు, బిస్కెట్ లేదు, చికెన్ రుచి బిళ్ల లేదు. తగ్గాక పాత తిండి మళ్లీ పెట్టి దురద తిరిగొస్తేనే రుజువు. ఆ ఎనిమిది వారాల్లో ఒక్కసారి నువ్వు పడ్డావా, లెక్క మళ్లీ మొదటికే.

ముక్కు, పెదవులు రంగు పోయి, ఒళ్లు ఎర్రబారి పొట్టు లేస్తున్న ముసలి కుక్కకైతే ఏ సూదీ వద్దు. చర్మం లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు. 6 లేదా 8 మిల్లీమీటర్ల పంచ్ అనే గుండ్రటి కత్తితో రెండు మూడు చోట్ల ముక్క తీసి ఫార్మలిన్‌లో వేయాలి. తీసేముందు ఆ చోటుని రుద్ది కడగకూడదు, పైనున్న పొట్టులోనే జబ్బు ఆనవాలుంటుంది. నువ్వు ముందే వెళ్లి కూర్చుంటే నెలల తరబడి అది అలర్జీ వేషంలో తిరుగుతుంది.

నువ్వు పనికిమాలినదానివని ఎవరూ అనలేదు. తేనెటీగ కుట్టి మూతి వాచిపోయినప్పుడు నీ వంశమే ఆదుకుంటుంది. ఒంటి కాపుదలే చర్మం మీద తిరగబడే పెంఫిగస్ లాంటి జబ్బుకి మీ వాళ్లు లేకపోతే చాలా కుక్కలకి కష్టమే. కారణం తెలిశాక, దురదతో నిద్రలేని ముసలిదానికి నాలుగు రోజులు ఊపిరాడనివ్వడానికి కిలోకి అర నుంచి ఒక మిల్లీగ్రాము ప్రెడ్నిసొలోన్ బిళ్ల ఇచ్చి తగ్గించుకుంటూ రావడం మంచి వైద్యమే. బిళ్లని ఆపొచ్చు. నిన్ను ఒకసారి పొడిచాక వెనక్కి లాగలేం.

అందుకని మనవి కాదు, షరతులు. బ్లేడు, టేపు, దువ్వెన వెళ్లాకే నువ్వు గదిలోకి రావాలి. వచ్చినప్పుడు చీటీ మీద నీ అసలు పేరు, ఎన్ని మి.లీ., ఏ తేదీ అని రాయించుకోవాలి. ఆ చీటీ లేకపోతే తర్వాత చూసే డాక్టరు ఏ పరీక్షనీ నమ్మలేడు.

ఇట్లు,
తోక మొదట్లో బొచ్చులేనివాళ్ల తరఫున

తా.క.: ఈ ఉత్తరం చదివి కోపంలో ఎవరూ చాన్నాళ్లుగా ఇస్తున్న స్టెరాయిడ్ బిళ్లల్ని ఠక్కున ఆపొద్దు. అడ్రినల్ ఇంకా లేవలేదు. వాంతులు, నీరసం, కూలబడిపోవడం జరుగుతుంది. రోజు విడిచి రోజు, తర్వాత సగం, ఆ తర్వాత పావు, డాక్టరు చెప్పిన లెక్కన వారాల మీద తగ్గించాలి.