మా మదర్‌బోర్డు మీద గోడ కట్టుకున్న స్లాటు గారికి

పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్1 స్లాటు (అదే, కంప్యూటర్ మదర్‌బోర్డు మీద అదనపు కార్డు గుచ్చే గాడి) గారికి, కడప నుంచి నమస్కారం.

మీ క్షేమం అడగక్కర్లేదు, మొన్న ఆదివారం దాకా మూడు వారాలు మీలోకి ఏదీ దూరలేదు కదా, హాయిగానే ఉండుంటారు.

సంగతేమిటంటే, మేము చవగ్గా కొన్న సీసీ కెమెరా ఒకటి అర్ధరాత్రి ఊరూ పేరూ తెలియని సర్వర్లతో ముచ్చట్లు పెడుతోంది. దాని నోరు కట్టాలంటే ఇంటికో ఫైర్‌వాల్, అంటే నెట్‌లో ఎవరు ఎవరితో మాట్లాడాలో చూసే కాపలాదారు, కావాలి. రెడీమేడ్ డబ్బా ధర చూసి గుండె జారి, నేనే చేసుకుంటాను పొమ్మన్నాను. ఫైర్‌వాల్ పని చేసే సాఫ్ట్‌వేర్ ఓపీఎన్‌సెన్స్ ఉచితమే, ఇక సామాన్లేగా! అటక మీద పాత కంప్యూటరుంది గానీ అది 50 వాట్లు తాగుతుంది, రోజంతా ఆన్‌లో ఉంటే నెలకు 36 యూనిట్లు, బిల్లు చూశాక ఇంట్లో నాకు భోజనం ఉండదు. అందుకని ప్రాసెసర్ బోర్డుకే అతికించి ఉండే బుల్లి సెలెరాన్ బోర్డు తెప్పించాను. 10 వాట్ల చిప్పు, ఫ్యానే లేదు. మా ఊరి మే నెలలో మనుషులే ఫ్యాన్ కింద బతకలేరు, అది ఎలా బతుకుతుందో చూడాలి.

ఫైర్‌వాల్‌కు రెండు దారులు కావాలి, నెట్ వచ్చేది ఒకటి, ఇంట్లోకి పోయేది ఒకటి. ఏడురోడ్ల సర్కిల్ ఉన్న ఊళ్లో రెండు దారులు ఒక లెక్కా అనుకున్నాను. బోర్డుకు నెట్ వైరు గుచ్చే పోర్టు ఒకటే, దాని చిప్పుకు విండోస్‌తో బాగానే పడుతుంది గానీ ఓపీఎన్‌సెన్స్ అడుగున ఉన్న ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టంతో సరిగ్గా మాటల్లేవు, లోడు పడగానే లింకు తెగుతుంది. సరే, అందరూ మెచ్చుకునే ఇంటెల్ ఐ350 నెట్‌వర్క్ కార్డు, పాత సర్వర్‌లోంచి పీకింది, కొన్నాను. నాలుగు పోర్టులది. రెండు చాలు కదా అంటారా? పెళ్ళిలో రెండో స్వీటు వద్దనలేని మనిషిని.

ఆ కార్డు ఎక్స్4. మీరు ఎక్స్1. అంటే దానికి డేటా నడిచే లేన్లు నాలుగు, మీకు ఒకటి. బోర్డు ఒక రాత్రి, కార్డు ఇంకో రాత్రి ఆర్డర్ పెట్టాను, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు, ఒప్పుకుంటాను. కానీ అయ్యా, నాలుగు లేన్ల కార్డు ఒక్క లేన్ మీద కూడా నడుస్తుంది, అది ఆ పద్ధతిలోనే ఉంది. మీ ఒక్క లేన్, రెండో తరానిదే అనుకున్నా, సెకనుకు 500 మెగాబైట్లు మోస్తుంది. మా ఇంటికి వచ్చే నెట్ 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. దారికి కొదవ లేదు, కరెంటుకు కొదవ లేదు. అడ్డం ఉన్నదల్లా మీ చివర గోరంత ప్లాస్టిక్ గోడ! మీ జాతిలోనే ఆ చివర తెరిచి ఉంచే స్లాట్లున్నాయి, పొడుగు కార్డు వస్తే తోక బయట పెట్టి కూర్చోమంటాయి. మీకేమో కాంపౌండ్ వాల్ కావాల్సొచ్చింది.

రిపేరు షాపు అబ్బాయి కార్డును అటూ ఇటూ తిప్పి, "అన్నా, ఇది పట్టదన్నా, కోయాల" అన్నాడు. నేను కోస్తే వారంటీ పోతుంది, కోయకపోతే పరువు పోతుంది.

ఆదివారం మధ్యాహ్నం వసారాలో నాపరాయి మీద పాత టవల్ పరిచి బోర్డు పెట్టి, హాక్సా బ్లేడు సగం విరిచి మొదలుపెట్టాను. లోపలి పిన్నులకు తగిలితే కథ కంచికే కాబట్టి ఊపిరి బిగబట్టి, ఒక్కో గీత గీసి పాత టూత్‌బ్రష్‌తో పొడి దులుపుకుంటూ, ముప్పావు గంట. అవ్వ తొంగిచూసి, "ఏం కోస్తాండావు నాయనా ఈ ఎండలో?" అంది. "గోడ" అన్నాను. "మున్సిపాలిటీ వాళ్ల పర్మిషన్ ఉందా?" అంది.

కార్డు దిగింది. స్క్రీన్ మీద ఐజీబీ0 నుంచి ఐజీబీ3 దాకా నాలుగు పోర్టులూ వరసగా కనపడ్డాయి. సాయంత్రం మా బామ్మర్ది వచ్చి, "రెండు పోర్టుల ఎక్స్1 కార్డు కొని ఉంటే సరిపోయేది కదా బావా" అన్నాడు. వాడికి టీ ఇవ్వలేదు.

అయితే కార్డు పొడుగు, కేసేమో సన్నం, మూత పడటం లేదు. కేసు గారికి వేరే ఉత్తరం రాస్తాను. ప్రస్తుతానికి ఆ మూత మిద్దె మీద ఉంది, అవ్వ దాని మీద వడియాలు పెట్టింది.

ఇట్లు,
మీ గోడ కూల్చినవాడు