ఆకులో నీటిని చీల్చేది పత్రహరితం ఒక్కటే కాదు

ఉపాధ్యాయుల గ్రూపుల్లో, పిల్లల గ్రూపుల్లో ఒక పోస్టు చాలా రోజులుగా తిరుగుతోంది. ‘చెట్టు కార్బన్ డయాక్సైడ్‌ను చీల్చి మనకు ఆక్సిజన్ ఇస్తుంది. అందుకు పత్రహరితం, ఎండ ఉంటే చాలు. ఖనిజ లవణాలు మొక్క ఏపుగా పెరగడానికే. ఉప్పులోని క్లోరైడైతే ఆకుకు విషం’ అన్నది దాని సారాంశం. పిల్లలు దీన్ని నోట్సులోకి ఎక్కించుకుంటున్నారు కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెప్పక తప్పదు.

మొదటిది, ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుందన్న మాట. రాదు, నీటి నుంచి వస్తుంది. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు రూబెన్, కామెన్ బృందం ఆక్సిజన్-18 ఐసోటోపు (మామూలు ఆక్సిజన్ కన్నా బరువైన రకం) కలిసిన నీటిని క్లోరెల్లా శైవలానికి ఇచ్చి చూసింది. వెలువడిన వాయువులో ఆ ఐసోటోపు నిష్పత్తి నీటిలోని నిష్పత్తితో సరిపోయింది. అంతకుముందే, 1930ల చివర్లో, బ్రిటన్ శాస్త్రవేత్త రాబిన్ హిల్ ఆకు నుంచి వేరుచేసిన హరితరేణువులకు (కణంలో పత్రహరితం ఉండే సూక్ష్మభాగాలకు) ఫెర్రిక్ లవణం అందించి, కార్బన్ డయాక్సైడ్‌తో పని లేకుండానే ఆక్సిజన్ రప్పించారు. అక్కడ ఎలక్ట్రాన్లను అందుకున్నది ఇనుప అయాను!

ఈ పొరపాటు ఎక్కడ మొదలవుతుందో ఊహించగలను. బీకరులో హైడ్రిల్లా, దానిపై బోర్లించిన గరాటు, ఆపైన నీళ్లు నింపిన పరీక్షనాళిక. చిటికెడు వంటసోడా కలిపి ఎండలో పెడితే, కాడ తెగిన చోటు నుంచి బుడగలు ఒకదాని వెనుక ఒకటి గొలుసులా లేస్తాయి. సోడాయే గాలిగా మారుతోందని పిల్లలు అనుకోవడం సహజం. నిజానికి సోడా ఇచ్చేది కార్బన్‌ను. ఆ కార్బన్ చక్కెరగా మారేటప్పుడు నీటి నుంచి తీసిన ఎలక్ట్రాన్లు ఖర్చవుతాయి, వాటి చోటు భర్తీ చేయడానికి ఇంకొంత నీరు చీలుతుంది. సోడాలోని బైకార్బనేట్ అయానుకు మరో పని కూడా ఉంది. నీటిని చీల్చే పత్రహరిత-ప్రోటీన్ సముదాయమైన కాంతి వ్యవస్థ-2లోని ఇనుప అయానును పట్టుకుని ఎలక్ట్రాన్ల దారి సాఫీగా ఉంచుతుంది. అలహాబాద్‌లో పుట్టి అమెరికాలోని ఇలినాయ్‌లో పనిచేసిన శాస్త్రవేత్త గోవింద్‌జీ దశాబ్దాలపాటు పరిశోధించిన విషయమిది.

‘పత్రహరితం, ఎండ చాలు’ అన్న రెండో మాట నన్ను ఎక్కువ బాధిస్తుంది, అసలు అద్భుతాన్ని అదే దాచేస్తోంది కాబట్టి. పత్రహరితం వెలుగును పట్టి ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది. ఆ లోటు తీర్చడానికి నీటిని చీల్చే పని నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్ పరమాణువులున్న చిన్న గుంపుది. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు దాని ఆకృతిని 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు) స్పష్టతతో చూపించారు. 1969లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త పియర్ జోలియో బృందం చీకట్లో ఉంచిన హరితరేణువులపై క్షణకాలపు మెరుపులు ఒక్కొక్కటిగా వేసింది. మొదటి మెరుపుకు ఆక్సిజన్ దాదాపు రాలేదు. మూడో మెరుపుకు ఒక్కసారిగా ఎగిసింది, తర్వాత ప్రతి నాలుగో మెరుపుకూ మళ్లీ ఎగిసింది. రెండు నీటి అణువుల నుంచి నాలుగు ఎలక్ట్రాన్లు లాగితేనే ఒక ఆక్సిజన్ అణువు పుడుతుంది. ఆ నాలుగు మెట్లనూ ఒక్కొక్కటిగా ఎక్కేది ఈ గుంపే. చీకట్లో అది అప్పటికే మొదటి మెట్టు మీద ఉంటుంది కాబట్టి తొలిసారి మూడు మెరుపులే సరిపోయాయి. హరితరేణువులను ట్రిస్ అనే రసాయన ద్రావణంతో కడిగి మాంగనీసును తొలగిస్తే, ఆకుపచ్చ రంగు అలాగే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం ఆగిపోతుంది.

‘లవణాలు ఏపుగా పెరగడానికే’ అన్నదానికి జవాబు పైన వచ్చేసింది: మాంగనీసు, కాల్షియం మొక్కకు అందేది ఆ లవణాల నుంచే. ఒక్క మాట కలుపుతాను: కాల్షియం స్థానంలో ఆ పని చేయగలిగినది దానిలాంటి మరో లోహం స్ట్రాన్షియం ఒక్కటే, అదీ నెమ్మదిగా.

ఇక క్లోరైడ్. మోతాదు మించితే హానే, చౌడు నేలల్లో పైర్లు మాడిపోవడం రైతులకు తెలిసిందే. కానీ హరితరేణువుల నుంచి క్లోరైడ్ పోతే ఆక్సిజన్ ఉత్పత్తి పడిపోతుందని, తిరిగి చేరిస్తే కోలుకుంటుందని 1940లలోనే జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ ప్రయోగశాలలో తేలింది. ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచే వస్తుందని ఆ తర్వాత కూడా గట్టిగా వాదించిన శాస్త్రవేత్త ఆయనే. ఆ వాదన నిలవలేదు. క్లోరైడ్ సంగతి మాత్రం నిలిచింది: 2011 నాటి ఆకృతిలో మాంగనీసు గుంపుకు చెరో పక్కన రెండు క్లోరైడ్ అయాన్లు కనిపించాయి.