చేపల తొట్టి పాముకు ఇల్లు కాదు

నెల రోజులుగా ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. "ఇంట్లో పామును పెంచడం ఎంత తేలికో తెలుసా?" అని మొదలవుతుంది. అందులోని మాటలు ఇవి: మన పొలాల్లో దొరికే రెండు తలల పాముతో మొదలుపెట్టవచ్చు, దానికి విషం లేదు, పైగా ఇంటికి కలిసొస్తుంది, పాత చేపల తొట్టిలో మూడు వేళ్ల మందాన ఇసుక పోస్తే ఇల్లు సిద్ధం, మన సీమ ఎండలకు వేడి పరికరాలు అనవసరం, చలికాలంలో ఒక బల్బు వేలాడదీస్తే సరి, వారానికో కోడిగుడ్డు, అప్పుడప్పుడు పాలు చాలు, తొట్టి చిన్నదైతే పాము కూడా చిన్నగానే ఉండిపోతుంది.

అనంతపురంలో డిగ్రీ చదువుతున్న మా పిన్ని కొడుకు దీన్ని నాకు పంపి, "అన్నా, నేనూ మొదలుపెట్టనా?" అని అడిగాడు. నేను కర్నూలులో ఆరేళ్లుగా ఒక బాల్ పైథాన్‌ను, అంటే విషం లేని ఒక ఆఫ్రికా పామును, పెంచుతున్నాను, అందుకే నన్ను అడిగాడు. వాడికి చెప్పిన జవాబే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆ సందేశాన్ని నమ్మి ఎవరైనా దిగితే ఒక పాము చస్తుంది, లేదా ఒక కుర్రవాడు కేసులో ఇరుక్కుంటాడు. రెండూ జరగకూడదన్నదే నా తపన.

ముందు రెండు తలల పాము సంగతి. దానికి రెండు తలలు లేవు. తోక కొస మొద్దుగా, తల ఆకారంలో ఉంటుంది. ఆపద ఎదురైతే తలను చుట్టల కింద దాచుకుని తోకను పైకెత్తుతుంది, అంతే. విషం లేదన్నది నిజమే. విషం లేనంత మాత్రాన అది మన సొత్తు అయిపోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువును పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సవరణ అమలులో ఉంది. ఇప్పుడు సాధారణ నేరానికే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. కొండచిలువ వంటి మొదటి షెడ్యూలు జంతువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. "మా చేనులో దొరికింది, ప్రేమగా పెంచుకుంటున్నాను" అన్న మాట అటవీ అధికారుల ముందు నిలవదు.

"కలిసొస్తుంది" అన్న మాట చదివినప్పుడు మాత్రం నాకు కోపం ఆగలేదు. గుప్తనిధులు చూపిస్తుందని, డబ్బు కురిపిస్తుందని, రోగాలు నయం చేస్తుందని చెప్పి ఈ పామును బరువు లెక్కన లక్షలకు బేరం పెట్టే ముఠాలు ఉన్నాయి. అవి పట్టుబడిన వార్తలు మన జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. ఆ మూఢనమ్మకానికి "పెంపకం" అనే కొత్త పేరు పెట్టి కాలేజీ పిల్లలకు అంటగడుతున్నారు. నిజానికి ఆ పాము వల్ల ఎవరికైనా కలిసొస్తుందంటే అది వేరుశనగ రైతుకే. వదులు మట్టిలో దూరి ఎలుకలను తింటుంది. చేనులోంచి దాన్ని ఎత్తుకుపోతే నష్టపోయేది ఆ చేను.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. రెండు తలల పాముకు దగ్గరి చుట్టం ఒకటి మన దగ్గరే ఉంది. పొట్టిగా, లావుగా, గరుకు పొలుసులతో, ఒంటి మీద ముదురు మచ్చలతో ఉంటుంది. దానికీ విషం లేదు. కానీ చూపుకు అచ్చం రక్తపింజరిలా ఉంటుంది. సాయంకాలం మసక వెలుతురులో, గట్టు మీద, అనుభవం లేని చెయ్యి రెండింటినీ ఎలా వేరు చేస్తుంది? ఆ తప్పు ఒక్కసారి జరిగితే చాలు.

కాబట్టి ఇక్కడి నేల మీద పుట్టిన పామును పట్టి పెంచే ఆలోచన అక్కడే ఆపేయాలి. విదేశీ జాతులకు కూడా పత్రాలు కావాలి. అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలోని రెండో అనుబంధంలో బాల్ పైథాన్ ఉంది. అలాంటి జంతువు దగ్గర ఉన్నవారు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. నేను చేయించాను. రసీదు ఇవ్వని, నమోదు మాట ఎత్తితే ముఖం చాటేసే వ్యాపారి దగ్గర పామును కొనకండి.

ఇక తొట్టి, ఇసుక. చేపల తొట్టి నీళ్లు ఆపడానికి చేసినది. పైన మొత్తం తెరిచి ఉంటుంది, నాలుగు పక్కలా గాజు. అందులో పాముకు దాక్కునే చోటు ఉండదు, ఎటు తిరిగినా ఎవరో ఒకరు కనిపిస్తుంటారు. పాముకు కనురెప్పలు లేవు, కళ్లు మూసుకుని లోకాన్ని మరిచే వీలు కూడా దానికి లేదు. బెదిరిన పాము చేసే మొదటి పని తిండి మానడం. అందుకే మూడు పక్కలు మూసి, ముందు వైపు మాత్రం జారే గాజు తలుపులున్న పెట్టె మంచిది. మా వీధి వడ్రంగి చేత నాలుగు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుతో చేయించుకున్నాను. తడికి ఉబ్బని చెక్క వాడమన్నాను, పక్కలకు గాలి రంధ్రాలు పెట్టించాను. ఇసుక బదులు కొబ్బరి పొట్టు పరిచాను. ఇసుక తేమను పట్టి ఉంచదు, తిండితోపాటు నోట్లోకి పోతుంది. రెండు తలల పాము ఇసుక నేలలో బతుకుతుంది కదా అని అన్ని పాములకూ ఇసుకే పోయడం సరికాదు.

చాలామంది అందం కోసం కడప బండ ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి గుహలా కడతారు. బండ మంచిదే, నేనూ ఒకటి పెట్టాను. కుబుసం విడిచే ముందు పాము దాని అంచుకు మూతిని రుద్దుకుంటుంది. అయితే బండను పొట్టు మీద కాక పెట్టె అడుగు చెక్క మీదే ఆనించాలి. పాము పొట్టును తవ్వుకుంటూ కిందికి దూరితే బండ కుంగి దాని వెన్ను మీదే పడుతుంది.

ఎండ గురించి చెప్పిన మాటే మొత్తం సందేశంలో ఎక్కువ హాని చేసేది, ఎందుకంటే వినడానికి సబబుగా ఉంటుంది. పాము శీతల రక్త జీవి, దానికి వేడి కావాలి, సీమలో ఎండకు కొదవ లేదు, ఇక పరికరాలెందుకు అంటారు. ఆఫ్రికా పాముకు కర్నూలు ఎండ ఒక లెక్కా అని కూడా అంటారు. బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికా గడ్డిభూముల పాము, నిజమే. అక్కడ అది పగలు ఎక్కడ ఉంటుంది? ఎలుకలు తవ్విన బొరియల్లో, చెదలు పెట్టిన పుట్టల్లో. పుట్టలో పాము చేరుతుందని మనకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. ఎందుకు చేరుతుందో ఆలోచించం. మండుటెండలో కూడా పుట్ట లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది కాబట్టి. మనం కట్టవలసింది ఆ పుట్టను.

పాము తన ఒంటి వేడిని తాను తయారు చేసుకోలేదు. తిన్నది అరగడానికి వెచ్చని చోటికి, ఒళ్లు చల్లబరచుకోవడానికి చల్లని చోటికి జరుగుతుంది. అందుకే పెట్టెలో ఒక చివర 31 నుంచి 33 డిగ్రీలు, రెండో చివర 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. దాక్కునే గూడు కూడా రెండు వైపులా ఒక్కొక్కటి ఉండాలి. ఒకటే పెడితే, అది వేడిగా ఉన్నా సరే, భయం కొద్దీ పాము అందులోనే ఉండిపోతుంది. బజారులో దొరికే మట్టికుండను నిలువునా సగానికి కోయించి బోర్లిస్తే చక్కని గూడు. అంచులను గరుకు కాగితంతో నున్నగా అరగదీయాలి.

మా ఇంటి పైగది కప్పు బేతంచెర్ల బండలది. దూలాల మీద బండలు పరిచి పైన గచ్చు చేసిన పాత కప్పు. మొదటి ఏడాది పెట్టెను ఆ గదిలోనే పెట్టాను. మే నెలలో 42, 43 డిగ్రీలు కర్నూలుకు కొత్త కాదు. సాయంత్రం ఎండ తగ్గినా బండ మాత్రం రాత్రి పదకొండు దాకా వేడిని కిందికి దించుతూనే ఉంటుంది. ఒక మధ్యాహ్నం మూడింటికి పైకి వెళ్లి చూస్తే, ఉదయం నుంచి హీటరు ఆపేసే ఉన్నా, చల్లని మూలలో 38 డిగ్రీలు చూపిస్తోంది. పాము నీళ్ల గిన్నెలో ఉండ చుట్టుకుని, ముక్కు కొన మాత్రం బయటపెట్టి ఉంది. 35 దాటితేనే దాని ప్రాణానికి ముప్పు మొదలవుతుంది. పెట్టెను అలాగే వదిలి, పామును గుడ్డసంచిలో పెట్టుకుని కింది గదికి పరుగెత్తాను. బతికింది. ఆ గదిలో మళ్లీ దాన్ని ఉంచలేదు.

అప్పుడు నాకు బోధపడినది ఇది: వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ హీటరును ఆపగలదు, చల్లదనాన్ని తేలేదు. చలి దేశాల వాళ్లు చెప్పే సలహాలన్నీ వేడి ఎలా పెంచాలన్న దాని మీదే ఉంటాయి. మనకు ఏడాదిలో మూడు నెలలు వేడి ఎలా తగ్గించాలన్నదే సమస్య. పెట్టెకు ఇంట్లో అన్నిటికన్నా చల్లని గది వెతకాలి: కింది అంతస్తు, పడమటి గోడ కానిది, కిటికీలోంచి ఎండ నేరుగా పడనిది. గాజు మీద ఎండ పడితే లోపలి వేడి నిమిషాల్లో ఎక్కుతుంది. ఎండాకాలంలో మన పొడి గాలికి ఎయిర్ కూలరు బాగా పనిచేస్తుంది, గది చల్లబడటంతోపాటు తేమ కూడా వస్తుంది. కరెంటు పోయిన రోజులకు రెండు సీసాల నీళ్లు ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉంచుకుంటాను. పాత చీర ముక్కలో చుట్టి చల్లని మూలలో పెడితే గంటా రెండు గంటలు ఆదుకుంటాయి.

చలికాలపు బల్బు సంగతి మరోలా ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన దగ్గర 15, 16 డిగ్రీలకు దిగుతుంది. అప్పుడు వేడి కావలసిందే. అయితే థర్మోస్టాట్ లేని బల్బు వేడి ఒక రాత్రి తక్కువ, ఒక రాత్రి ఎక్కువ. రాత్రంతా వెలుగుతూ ఉంటే రాత్రి తిరిగే పాముకు రాత్రే ఉండదు. లోపల వేలాడదీస్తే పాము దాన్నే చుట్టుకుని ఒళ్లు కాల్చుకుంటుంది. కింద పరిచే హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే చాప, కూడా అంతే. పొట్ట కాలుతున్నా పాము దాని మీది నుంచి లేవకపోవచ్చు. వెలుగు లేని సిరామిక్ హీటరు, చుట్టూ ఇనుప జాలీ, దానికి థర్మోస్టాట్ ఉండాలి. వేడి ఎంతుందో చేత్తో తడిమి చెప్పకూడదు, రెండు చివర్లా రెండు థర్మామీటర్లు ఉండాలి.

తేమ గురించి ఆ సందేశంలో ఒక్క మాట లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో కూర్చుని దీన్ని మరిచిపోతే ఎలా? బాల్ పైథాన్‌కు 60 శాతం అటూఇటూగా తేమ కావాలి. నా పెట్టెలో మొదటి ఏప్రిల్‌లో మీటరు 25 చూపించింది. ఆ నెల కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది, ఒక కంటి మీది పొర అలాగే మిగిలిపోయింది. దాన్ని గోటితో గిల్లి తీయకూడదు, కన్నే పోతుంది. మూడో కుండ ఒకటి తెచ్చి, తడిపి పిండిన కొబ్బరి పొట్టు నింపి, పక్కన రంధ్రం చేసి వెచ్చని వైపు పెట్టాను. పాము రెండు రోజులు అందులోంచి కదలలేదు. తరువాతి కుబుసం ముక్కు దగ్గర మొదలై తోక కొస దాకా, మేజోడును తిరగేసి లాగినట్లు ఒక్క ముక్కగా వచ్చింది. కళ్ల మీది రెండు గుండ్రటి పొరలు, మిగిలిన పాతదానితో సహా, అందులోనే ఉన్నాయి. ఆ కుబుసం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

పాలు, గుడ్ల గురించి ఎక్కువ రాయనక్కర లేదు. పాము పాలు తాగి బతికే జీవి కాదు, నీళ్లు దొరకక దాహంతో అల్లాడుతున్నప్పుడే పాలలో మూతి పెడుతుంది, అది దానికి అరగదు. ఈ జాతి తినేది ఎలుకలను. అవి కూడా గడ్డకట్టించి అమ్మేవి, గోరువెచ్చగా చేసి ఇవ్వాలి. గోదాముల్లో పట్టిన ఎలుక వద్దు, అది తిన్న మందు పాము కడుపులోకి పోతుంది. ఎలుకలు ఎక్కడ దొరుకుతాయో, వాటిని ఇంట్లోని ఫ్రిజ్‌లో పెట్టడానికి అమ్మ ఒప్పుకుంటుందో లేదో పాము రాక ముందే తేల్చుకోవాలి. పాములను చూసిన పశువైద్యుడి ఆచూకీ కూడా ముందే తెలిసి ఉండాలి. ప్రొద్దుటూరులో, తిరుపతిలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి, అక్కడ అడగడం మంచి మొదలు. పెట్టె ఉన్న గదిలో దోమల చుట్టలు, పురుగు మందుల స్ప్రేలు పూర్తిగా మానాలి.

తొట్టి చిన్నదైతే పాము పెరగదన్నది పచ్చి అబద్ధం. తిండి తిన్నంత కాలం పెరుగుతుంది, చోటు లేకపోతే ముడుచుకుని, కండ బలం లేక, జబ్బుపడి పెరుగుతుంది. మూడు నుంచి అయిదు అడుగులయ్యే ఈ పాము ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. తొట్టి మీద పుస్తకం బరువు పెడితే చాలనుకునేవారు కూడా గుర్తుంచుకోవాలి: తల దూరిన చోట ఒళ్లంతా దూరుతుంది. పాము మూతితో రాత్రంతా సందు వెతుకుతూనే ఉంటుంది. జారే తలుపులకు తాళం ఉండాలి.

మా తమ్ముడికి ఇంకా పామును కొనవద్దన్నాను. ముందు పెట్టె చేయించి, అన్నీ అమర్చి, ఖాళీగానే నెల రోజులు నడపమన్నాను. పొద్దున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి రెండు మూలల వేడి, తేమ నోటు పుస్తకంలో రాయమన్నాను. రాస్తున్నాడు. నిన్న పంపిన పేజీలో మధ్యాహ్నం చల్లని మూల 36 డిగ్రీలు, తేమ 28. పెట్టెను పడమటి గదిలోంచి తీసి, కింద దేవుడి గది పక్కన ఉన్న చీకటి గదిలో పెట్టి మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క రాయమని చెప్పాను.