అద్దం చూడని డ్రైవరు

బ్రూస్ విల్లిస్, ట్రేసీ మోర్గన్ ఇద్దరు పోలీసులుగా 2010లో వచ్చిన హాలీవుడ్ కామెడీ ‘కాప్ అవుట్’ను విమర్శకులు ఉతికి ఆరేశారు. దర్శకుడు కెవిన్ స్మిత్ వేరేవాళ్లు రాసిన స్క్రిప్టు తీయడం అదే మొదటిసారి, అందుకే దెబ్బతింది అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ సినిమా దెబ్బతిన్నది స్నేహం దగ్గర.

కథలో సరుకు లేకపోలేదు. న్యూయార్క్ పోలీసు జిమ్మీకి కూతురి పెళ్లి తన డబ్బుతోనే చేయాలని పట్టుదల. ఖర్చంతా నేను పెట్టుకుంటానని ఆ పిల్ల సవతి తండ్రి ముందుకొస్తే తల కొట్టేసినట్టవుతుంది. దాచుకున్న 1952 నాటి విలువైన బేస్‌బాల్ కార్డు (ఆటగాడి బొమ్మ అచ్చేసిన అట్టముక్క) అమ్మబోతే దొంగలు ఎత్తుకుపోతారు. బిడ్డ పెళ్లికి ఇంటిజాగా అమ్ముకున్న తండ్రులను చూసిన తిరుపతివాళ్లకు ఈ బాధ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మరి తొమ్మిదేళ్లుగా డ్యూటీలో పక్కనున్న పాల్? అతనికి పెళ్లాం మీద అనుమానం. టెడ్డీబేర్‌లో కెమెరా దాచి కాపలా కాస్తుంటాడు. జిమ్మీ అవమానం పాల్‌కు తగలదు, పాల్ దిగులు జిమ్మీకి అంటదు. మధ్యలో మిగిలిన ఖాళీ అంతా మాటలతో నింపేశారు.

నవ్వుకోడానికి తీసినదాన్ని ఇంత తవ్వడమెందుకు అంటారు. 1987 నాటి ‘లీథల్ వెపన్’ కూడా ఇద్దరు పోలీసుల సినిమానే, అందులోనూ నవ్వులున్నాయి. అక్కడ ఒకడికి బతకాలని లేదు, రెండోవాడు యాభై నిండిన సంసారి. వాడి తెగింపుకు వీడి ప్రాణం పోవచ్చు. ఆ భయం ఉంది కాబట్టే నవ్వు పండింది.

మొన్న రేణిగుంట రోడ్డులో ఒక గోడౌను ముందు లోడు లారీ రివర్స్ చేస్తుంటే నిలబడి చూశాను. చీకటి, వెనక జానెడు దూరంలో కాలువ. క్లీనర్ కుర్రాడు లారీ బాడీని అరచేత్తో చరుస్తూ ‘రానీ... రానీ... లెఫ్ట్ కొట్టన్నా... హోల్డాన్!’ అన్నాడు. డ్రైవరు అద్దం వైపే చూడలేదు. చరుపు ఆగగానే బ్రేకు పడింది. దిగాక ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, ఒకే బీడీ చెరో దమ్ము లాగారు. నేను అడిగే బడ్డీ సినిమా, అంటే ఇద్దరు జతగాళ్ల సినిమా, అదే!

అలాంటి స్నేహం మన దగ్గర ఇంత ఉండి కూడా తెరకెక్కడం లేదన్నదే నా బాధ. ‘పుష్ప’ 2021లో చిత్తూరు యాసను దేశమంతా వినిపించింది, అందుకు నాకు గర్వమే. కానీ ఎర్రచందనం అనగానే మన సినిమాకు గుర్తొచ్చేది ఒంటరి మొనగాడు. శేషాచలం అడవిలోకి కూలీలు ఒంటరిగా పోరు. ఒకడు నరుకుతుంటే ఇంకొకడు చెవులు రిక్కించి కాపలా ఉండాలి. రాత్రి గస్తీ తిరిగే ఫారెస్టు గార్డుకూ పక్కన ఒక తోడు కావాలి. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. వాళ్లలో ఎవరు ఎవరిని నమ్మి బస్సెక్కారు, డబ్బు ఆశ చూపింది ఎవరు, పక్కవాడు కిందపడితే పరుగు ఆపింది ఎవరు? క్రైమ్ కథ అక్కడుంది, స్నేహమూ అక్కడే ఉంది.

తిరుపతిలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు కొందరు ఇద్దరు పోలీసుల కథ రాసుకుంటున్నారు. పంచ్‌లు బాగానే పడ్డాయి. ఒకడు లేకపోతే రెండోవాడికి పోయేదేమిటని అడిగితే ముఖాలు చూసుకున్నారు. రాత్రి పదకొండుకు ఆ గోడౌను దగ్గరికి రమ్మన్నాను.